విపత్తు తరువాత సంఘపు నిర్ణయములు

గాలివాన గాని, వఱద గాని, అనావృష్టి గాని ఒక ప్రాంతమునకు వచ్చినపుడు రెండు విధముల నష్టము కలుగును. మొదటిది కంటికి కనబడునది. ఒరిగిన వరిచేలు, కూలిన చెట్లు, కొట్టుకొనిపోయిన పశువులు, గండిపడిన చెఱువుకట్టలు, వీనినెల్ల ప్రభుత్వోద్యోగులు వచ్చి లెక్క వ్రాసికొని పోవుదురు. రెండవది ఎవరి లెక్కలోను చేరదు. ఆ విపత్తు పెద్దల మనస్సులపై ఒక ముద్ర వేసి పోవును. ఆ ముద్ర ఏండ్లతరబడి నిలిచి, సంఘపు ధనమును గూర్చి వారు చేయు నిర్ణయములలో తెలియకుండ తన పని తాను చేయుచుండును. పంటనష్టము ఒక సంవత్సరపు నష్టము. ఈ రెండవ నష్టమును సకాలమున గుర్తింపనియెడల అది ఒక తరమువారి నష్టము కాగలదు. కావున దీనిని గూర్చి కొంత విపులముగా వ్రాయ దలచితిమి.

పరపతి సంఘమున నిర్ణయముల భారము పంచాయతీదారులది. నేడు వారినే పాలకవర్గ సభ్యులని పిలుచుచున్నారు. పేరేదైనను పని యొక్కటే. ఏ సభ్యునికి ఎంత అప్పు ఈయవచ్చును, ఏ వాయిదాను పొడిగింపవచ్చును, ఎరువులను అదనుకు ముందే కొని నిలువచేయవలెనా, గిడ్డంగి కట్టవలెనా, క్రొత్త పంటకు పెట్టుబడి ఈయవలెనా, ఈ ప్రశ్నలలో ఒక్కదానికిని ఫలితము ముందుగా నిశ్చయముగా తెలియదు. తెలియని ఫలితమునకు ధనము నొడ్డుటయే తెగువ. రైతు తన పొలమున తెగించినచో లాభనష్టములు అతనివే. పంచాయతీదారుడు తెగించినను, వెనుదీసినను ఆ ఫలితము నూర్లకొలది కుటుంబములపై పడును. అందుచేత అతని తెగువ ఎచ్చటినుండి వచ్చుచున్నదో, అతని వెఱపు ఎచ్చటినుండి వచ్చుచున్నదో సభ్యులందఱు తెలిసికొనుట న్యాయము.

విపత్తు తరువాత వెఱచిన పంచాయతీదారుడు పెట్టెకు తాళము వేయును. పాతబాకీ పైసలతో సహా తీరినగాని క్రొత్త అప్పు లేదనును. ఆ మాట వినుటకు జాగ్రత్తగానే యుండును. కాని పొలమునకు పంచాయతీదారుని భయముతో నిమిత్తము లేదు. తొలకరి వచ్చిన వెంటనే విత్తనము కావలెను, దమ్ము చేయవలెను, నాట్లు పడవలెను. సంఘము తలుపు మూసినచో వడ్డీవ్యాపారి తలుపు తెరచియే యుండును. ఆ యేట అధికవడ్డీకి అప్పు తెచ్చిన రైతు పండిన పంటను ముందు ఆ వ్యాపారికే కొలిచి యిచ్చును. సంఘపు పాతబాకీ అట్లే నిలిచిపోవును. ఏ బాకీ మునిగిపోవునని సంఘము భయపడెనో ఆ బాకీయే ఆ భయమువలన మునిగిపోవును.

అతిగా తెగించిన పంచాయతీదారుని కథ వేరు. పెద్ద గాలివాన వచ్చియు తన గ్రామమును అంతగా బాధింపకుండ పోయినది. అంతటి ఉపద్రవమునే దాటితిమి, ఇక మనకేమగునని అతడు ధైర్యము తెచ్చుకొనును. హామీ చూడకయే అప్పుల బట్వాడా జరుగును. రిజర్వునిధిని పెంచుమాట వెనుకబడును. మఱియొక గాలివాన నిజముగా మీదపడిన నాడు సంఘము లేచి నిలువజాలదు.

పరిశోధకులు కనుగొనినది

ఈ రెండు స్వభావములును ఒకే కారణమునుండి పుట్టవచ్చునని ఇటీవలి పరిశోధనలు చూపుచున్నవి. అమెరికా దేశపు పెద్ద కంపెనీల ముఖ్యాధికారులను గూర్చి బెర్నైల్, భగవత్, రౌ అను మువ్వురు అర్థశాస్త్రజ్ఞులు పరిశోధించి 2017లో తమ ఫలితములను ప్రకటించిరి. ఆ అధికారులు ఏ జిల్లాలలో పుట్టిరో తెలిసికొని, వారికి 5 మొదలు 15 ఏండ్ల వయస్సు వచ్చులోపల ఆ జిల్లాలలో భూకంపములు, వఱదలు, తుపానులు, కారుచిచ్చులు మొదలగునవి ఎంతమందిని బలిగొన్నవో లెక్కించిరి. తరువాత వారు పెద్దవారై నడపిన కంపెనీలు ఎంత అప్పు చేసినవి, ఎంత రొక్కము చేతనుంచుకొన్నవి, ఇతర కంపెనీలను కొనుటలో ఎంత చొరవ చూపినవి అను విషయములతో పోల్చి చూచిరి.

తేలిన ఫలితము గమనింపదగినది. బాల్యమున విపత్తును చూచియు, దాని ఘోరఫలితములు అంతగా అనుభవమునకు రానివారు పెద్దవారైన పిమ్మట ఎక్కువ తెగువ చూపిరి. వారి కంపెనీలు ఎక్కువ అప్పు చేసినవి, తక్కువ రొక్కము నిలువ యుంచినవి. అత్యధిక జననష్టము జరిగిన విపత్తుల నడుమ పెరిగినవారు అందుకు విరుద్ధముగా జాగ్రత్తపరులైరి. అనగా విపత్తును చూచుట ఒకటి, దాని దెబ్బ తగులుట వేఱొకటి. చూచి తప్పించుకొన్నవానికి అపాయము చిన్నదిగా కనబడును. దెబ్బతిన్నవానికి త్రాడు సైతము పామువలె కనబడును. ఇద్దఱును తమ అనుభవమునే కొలబద్దగా పట్టుకొనిరి. రాబోవు అపాయము ఎంతటిదో ఇద్దఱిలో ఒక్కడును లెక్కవేసి చూడలేదు.

పల్లెజనమును గూర్చియు ఇట్టి పరిశోధనలు జరిగినవి. ఇండొనేషియాలోని తూర్పు జావా గ్రామములలో కామెరన్, షా అను పరిశోధకులు జనులకు నిజమైన డబ్బు చూపి, తక్కువైనను నిశ్చయముగా వచ్చు మొత్తమును కోరుదురా, ఎక్కువైనను సందేహమైన మొత్తమును కోరుదురా అని పరీక్షించిరి. సమీపకాలమున వఱదను గాని, భూకంపమును గాని అనుభవించినవారు నిశ్చయమైన దానినే ఎక్కువగా కోరిరి. మరల అట్టి విపత్తు వచ్చుననెడి భయమును వారిలోనే హెచ్చుగా కనబడెను. 2015లో ఈ ఫలితము వెలువడెను. అంతకు ముందు 2005లో అమెరికాలో కత్రినా తుపానువలన ఇండ్లు విడిచి హ్యూస్టన్ నగరము చేరినవారిని కొలది కాలములోనే మఱికొందఱు పరీక్షింపగా, వారు మామూలు కంటె సాహసమైన పందెములనే కోరిరి. గాయము పచ్చిగా నున్నపుడు మనస్సు ఒకవిధముగను, కొంతకాలము గడచిన పిమ్మట మఱియొకవిధముగను పోవునని దీనివలన ఊహింపవచ్చును.

ఇవన్నియు సగటు లెక్కలు మాత్రమే. ఫలాన మనుష్యుడు ఇట్లే చేయునని వీనినిబట్టి చెప్పరాదు. అమెరికా కంపెనీకిని మన గ్రామసంఘమునకును భేదము చాల గలదు. అయినను దెబ్బతిన్న మనస్సు తీరు ఏ దేశమునను ఒక్కటియే గనుక ఈ పాఠము మనకును పనికివచ్చును.

భయమునకును వాయిదా గలదు

విపత్తువలన కలిగిన భయము శాశ్వతము కాదు. డెస్సాంట్, మాత్రే అను ఇరువురు పండితులు 2017లో ప్రకటించిన వ్యాసమున ఒక విచిత్రమును చూపిరి. పెనుగాలివాన ఒక ప్రాంతమును పాడుచేసినపుడు, దెబ్బతగులక దాపున నున్న ప్రాంతములోని కంపెనీల అధికారులు తమ రొక్కపు నిలువలను పెంచుకొనిరి. వారికి రాదగిన అపాయము నిన్నటికంటె నేడు హెచ్చలేదు. పొరుగున జరిగినదానిని కన్నులార చూచిరి, అంతే. రెండేండ్లు గడచుసరికి ఆ నిలువలు మరల మొదటి మట్టమునకే దిగినవి. అపాయము మాత్రము ఎప్పటివలెనే యుండెను.

వఱదభీమాను గూర్చి గాలఘర్ అను పరిశోధకుడు 2014లో ప్రకటించిన ఫలితమును ఇట్టిదే. అమెరికాలో వఱద వచ్చిన మరుసటి యేట భీమా తీసికొనువారి సంఖ్య ఒక్కసారి పెరిగి, ఏటేట తగ్గుచు తుదకు పూర్వపు స్థితికే చేరుచుండెను. ఏరు దాటుదాక ఓడ మల్లయ్య, దాటిన తరువాత బోడి మల్లయ్య అనెడి మన సామెత అచ్చటను చెల్లినది. భయము హెచ్చుగా నున్న దినములలో అవసరమునకు మించి ముడుచుకొనుట, మఱపు వచ్చిన దినములలో అవసరమైన జాగ్రత్తను సైతము విడుచుట, ఈ రెండును ఒకే సంఘములో ఒకదాని వెనుక నొకటి రాగలవు.

మన తీరమునకు ఇది విశేషముగా వర్తించును. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినపుడు సుమారు 10,000 మంది మరణించిరి. ఆనాడు పదేండ్ల బాలుడు నేడు షష్టిపూర్తి వయస్సునకు దగ్గరవాడు. సంఘములలో అధ్యక్షులుగను, పాలకవర్గ సభ్యులుగను కూర్చుండు వయస్సు అదియే. ఒకడు ఆ రాత్రి తనవారిని పోగొట్టుకొనియుండవచ్చును. మఱియొకడు కొంచెము మెఱకనున్న గ్రామమునందుండి, తెల్లవారినపిమ్మట సంగతి విన్నవాడై యుండవచ్చును. వారిరువురును నేడు ఒకే బల్లచుట్టు కూర్చుండి ఒకే దరఖాస్తును చూచినపుడు ఇద్దఱికిని అది ఒకే దరఖాస్తుగా కనబడునా? వారి అభిప్రాయభేదమునకు కారణము బుద్ధిలో గాక యేబదియేండ్లనాటి రాత్రిలో నుండవచ్చును. ఇది తెలిసినచో ఒకరినొకరు పిఱికివాడనియు, దుడుకువాడనియు నిందించుకొనుట తగ్గును.

భయము సంఘములను కట్టివేసిన తీరు

సహకారోద్యమ చరిత్రలోనే ఇందుకు నిదర్శనము గలదు. 1929 తరువాత ప్రపంచమంతట ధరలు పడిపోయినవి. మద్రాసు రాజధానిలో, అందు చేరియున్న తెలుగు జిల్లాలలో, వడ్ల ధర కొలది సంవత్సరములలోనే దాదాపు సగమునకు దిగెను. ధర హెచ్చుగా నున్న దినములలో పది బస్తాలమ్మి తీర్పదగిన అప్పును తీర్చుటకు ఇరువది బస్తాలు కావలసివచ్చెను. వాయిదామీరిన బాకీలు పేరుకొనిపోయినవి. అంతకు పూర్వము ధారాళముగా అప్పులిచ్చిన సంఘములు క్రొత్త అప్పులను బిగబట్టి, పాతబాకీల వసూలే పనిగా పెట్టుకొన్నవి. పలుచోట్ల సంఘములు మూతపడినవి. ధరలున్ననాడు ధారాళము, ధరలు పోయిననాడు బిగింపు, రెండింటను ముందుగా చేసికొన్న కొలత లేకపోయెను. రైతుకు పరపతి అత్యవసరమైన దినములలోనే సంఘము అతనికి దూరమయ్యెను.

తెగువ మేలుచేసిన తీరు

విపత్తు మనుష్యుని వెఱపించుటయే గాక మంచి తెగువనుకూడ పుట్టింపగలదు. మన పరపతి సంఘముల మూలపురుషుడైన రైఫైజన్ చరిత్రము ఇందుకు సాక్ష్యము. 1845లో జర్మనీదేశమున వేయర్‌బుష్ అను గ్రామసముదాయమునకు అతడు అధికారిగా వచ్చెను. 1846–47 చలికాలమున అచ్చట క్షామము వచ్చెను. ప్రభుత్వము పిండి పంపెను గాని, రొక్కమిచ్చినవారికే ఈయవలెనని నిబంధన పెట్టెను. ఆకలిగొన్నవారియొద్ద రొక్కమెక్కడిది? రైఫైజన్ ఆ నిబంధనను ప్రక్కకునెట్టి, బీదలకు పత్రములమీద అరువుగా పిండి నిచ్చెను. కలిగినవారిని కూడగట్టి, వారి ధనముతో ధాన్యము తెప్పించి, రొట్టెలు కాల్చు పొయ్యి కట్టించి తక్కువ ధరకు రొట్టెలు పంచెను.

అది సాహసమే. కాని అతని గొప్పతనము ఆ సాహసముతో ముగియలేదు. ధనవంతుల దయమీద నడచు సంఘము వారి ఉత్సాహము చల్లారగనే చల్లారునని అతడు తరువాతి అనుభవమువలన గ్రహించెను. 1864లో హెడ్డెస్‌డార్ఫ్‌లో స్థాపించిన పరపతి సంఘమున అప్పు తీసికొను రైతులే సభ్యులైరి. ఒకరినొకరు ఎఱిగినంత చిన్న ప్రాంతము, సభ్యులందఱికి ఉమ్మడి జవాబుదారి, పంచుకొనరాని రిజర్వునిధి, ఇవి అతని పద్ధతికి పునాదులైనవి. క్షామమున హృదయమునుండి పుట్టిన తెగువను అతడు నిబంధనలలో కట్టుదిట్టముచేసెను. మద్రాసు ప్రభుత్వపక్షమున ఫ్రెడరిక్ నికల్సన్ 1895, 1897 సంవత్సరములలో సమర్పించిన నివేదికలలో ఆ పద్ధతినే మన రైతులకు సిఫారసుచేసెను. 1904లో మన దేశమున పరపతి సహకారసంఘముల చట్టము వచ్చెను. మన సంఘముల పుట్టుకయందే ఒక కరవుజ్ఞాపకము గలదని దీనివలన తెలియుచున్నది.

మన గోదావరి ఆనకట్ట చరిత్రమును ఇట్టిదే. 1832–33లో వచ్చిన నందన కరవులో గుంటూరు జిల్లాయందలి అయిదులక్షల జనములో సుమారు రెండులక్షలమంది నశించిరి. రాజమహేంద్రవరపు జిల్లాయు కరవులవలనను, 1839 నాటి తుపానువలనను చితికిపోయెను. 1821లో 7 లక్షల 38 వేలుగా నున్న ఆ జిల్లా జనసంఖ్య 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగెను. అట్టి స్థితిలో ఆర్థర్ కాటన్ ధవళేశ్వరమువద్ద ఆనకట్టకు ప్రణాళిక సమర్పించెను. ఆ వెడల్పున, లోతైన యిసుకలో, అంతటి నదికి అడ్డుకట్ట వేయుట చూచువారికి సాహసముగనే తోచును. ఖర్చుకు వెనుదీసెడి కంపెనీ ప్రభుత్వము తుదకు అంగీకరించెను. 1847లో మొదలైన పని 1852లో ముగిసెను.

ఆ తెగువకు వెనుక కొలత యుండెను. కాటన్ అంతకు ముందే 1836లో కావేరి పాయయైన కొల్లడమునకు ఆనకట్టలు కట్టి, ఇసుకలో కట్టడము నిలుచు విధమును పరీక్షించియుండెను. కావేరిమీద చోళులనాటి కల్లణ ఎట్లు నిలిచెనో చూచియుండెను. గోదావరి మట్టములను, వాలును కొలిపించి లెక్కలు వేసెను. కరవు మనస్సును కదలింపగా, లెక్క చేతిని నడపెను. నేడు ఆ నీటితో సుమారు 10 లక్షల యెకరములు సాగగుచున్నవి.

ప్రాణరక్షణ విషయమునను ఇదియే జరిగెను. తుపాను వచ్చునని తెలిసి లక్షల జనమును ఇండ్లు విడిపించి తరలించుట అధికారులకు చిన్న తెగువకాదు. తుపాను దారి తప్పి పోయినచో ఊరక బాధపెట్టిరని జనులు నిందింతురు, ఖర్చు దండుగయగును. అయినను 1977 నాటి జ్ఞాపకము ఆశ్రయభవనములుగను, హెచ్చరికల ఏర్పాట్లుగను మారినందున, 1990 మే నెలలో మచిలీపట్టణ ప్రాంతమునకు భయంకరమైన తుపాను వచ్చినపుడు లక్షలకొలది జనమును ముందే తరలించిరి. మృతులు వేయిమందికి లోపుగనే యుండిరి. ఒడిశాలో 1999 అక్టోబరు 29 నాటి పెనుతుపానువలన దాదాపు 10,000 మంది పోయిరి. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను వచ్చినపుడు సుమారు 10 లక్షలమందిని తరలింపగా మృతులు నూఱింటికి లోపే. ఒక్కొక్క ప్రాణము విలువైనదే గాని, ఈ భేదము ఎంతటిదో చదువరులే చూడగలరు.

లెక్క యెట్లు వేయవలెను

దీనినంతటిని మన పెట్టెకు వర్తింపజేసికొందము. ఒక ఉదాహరణము కల్పించి చెప్పెదము. ఒక సంఘము ఏటేట పదిలక్షల రూపాయల అప్పు లిచ్చుననుకొనుడు. ఆ ప్రాంతమున సుమారు పదేండ్లకొకసారి పెద్దవఱద వచ్చి, ఆ యేట నాలుగులక్షలు రాకుండ పోవుననుకొనుడు. సగటున చూచినచో వఱద వెల ఏటికి నలువదివేల రూపాయలు.

వఱద వచ్చిన మరుసటి యేట భయపడిన పంచాయతీదారుడు ప్రతియేట నాలుగులక్షలు పోవునట్లే నడచుకొనును. అతడు రెండులక్షలు మాత్రమే బట్వాడాచేసి మిగిలినవారిని వట్టిచేతులతో పంపును. వఱద మఱచిన పంచాయతీదారుడు వఱద వెల సున్న యనుకొని నడచును. లెక్క తెలిసినవాడు పదిలక్షలును ఇచ్చును, ఏటేట నలువదివేలు విపత్తునిధికి చేర్చును. పదేండ్లలో అది నాలుగులక్షలగును.

వఱద పదవయేటనే వచ్చునను నియమము లేదుగదా, మూడవయేటనే వచ్చినచో నిధిలో లక్షయిరువదివేలే యుండునుగదా యని చదువరులు అడుగవచ్చును. ఆ ప్రశ్న సరియైనదే. ఒంటరి సంఘము తన బలముచేతనే ఆ వెలితిని పూడ్చుకొనజాలదు. అందుచేతనే సంఘములు జిల్లా బ్యాంకులతోడను, రాష్ట్ర బ్యాంకులతోడను కలిసికట్టుగా నుండవలెను. అఖిలభారత గ్రామీణ పరపతి విచారణ చేసిన సంఘపు సలహాననుసరించి, విపత్తు వచ్చినపుడు స్వల్పకాలపు అప్పులను మధ్యకాలపు అప్పులుగా మార్చుటకు 1956లో రిజర్వుబ్యాంకు జాతీయ వ్యవసాయ పరపతి స్థిరీకరణ నిధిని ఏర్పరచెను. 1982లో నాబార్డు స్థాపితమైనపుడు ఆ భారము దానికి సంక్రమించెను. వాణిజ్య బ్యాంకులకు 2018లో రిజర్వుబ్యాంకు ఇచ్చిన ఆదేశములలో పంటనష్టము నూటికి 33 పాళ్లు మొదలు 50 పాళ్లవఱకు ఉన్నచో బాకీకి రెండేండ్లవఱకును, 50 పాళ్లు దాటినచో అయిదేండ్లవఱకును గడువు ఈయవచ్చునని కొలత పెట్టిరి. ఈ కొలతలోని సారము గమనింపుడు. నష్టమైన దినమున అధికారి మనస్సు ఎట్లున్నను, అంకె మాత్రము ముందే నిర్ణయమైయున్నది.

సంఘములకు మా సూచనలు

మొదటిది: విపత్తునకు వలయు నిబంధనలను విపత్తు లేని సంవత్సరమున చేయవలెను. ఎంత నష్టమైనచో వాయిదా పొడిగింపవలెను, ఆ నష్టమును ఎవరు చూచి నిర్ణయింపవలెను, పాతబాకీ యున్న సభ్యునికి విత్తనములమట్టునకైన క్రొత్త అప్పు ఎంత ఈయవలెను, ఈ విషయములను పై బ్యాంకుల నియమములకు లోబడి మహాజనసభలో తీర్మానించి మినిట్సు పుస్తకమున వ్రాయవలెను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్న లాభము లేదు.

రెండవది: ప్రతిసంఘమును ఒక విపత్తుల చిట్టా ఉంచవలెను. ఏ యేట వాన ఎంత కురిసెను, ఏ పంట ఎంత పోయెను, ఆ యేటి బాకీలలో ఎన్ని వాయిదామీరినవి, అందులో ఎన్ని తరువాతి రెండుమూడేండ్లలో వసూలైనవి అను నాలుగు గడులు చాలును. విపత్తు తరువాత జరుగు మొదటి సమావేశమున ఆ చిట్టాను ముందు చదివి, పిమ్మటనే చర్చకు దిగవలెను. ఆనాడు పోయినవనుకొన్న బాకీలలో ఎన్ని మెల్లగా తిరిగి వచ్చినవో ఆ గడులు చెప్పును. ఎన్ని ఎన్నటికిని రాలేదో అదియు చెప్పును. భయపడినవానికి మొదటి అంకెయు, దుడుకువానికి రెండవ అంకెయు మందు.

మూడవది: సహాయమును, అప్పును కలుపరాదు. గంజికేంద్రమునకు, బట్టలకు, గుడిసెలకు ఇచ్చునది సహాయము. అది వెంటనే ఈయవలెను, తిరిగి యడుగరాదు. అప్పు తిరిగి రావలసినది. గాయము పచ్చిగానున్న వారములలో సహాయపు పని సాగించుచు, పెద్దపెట్టుబడుల తీర్మానములను కొంత నిలుపుకొనుట మేలు. పంట అదనుకు కావలసిన అప్పునుమాత్రము ఆపరాదు. దానికి పైన చెప్పిన నిబంధనలే దారి.

నాలుగవది: పాలకవర్గమునకు సభ్యులను ఎన్నుకొనునపుడు పల్లపుభూముల వారును, మెఱకభూముల వారును, కౌలురైతులును, స్త్రీలును ఉండునట్లు చూడవలెను. అందఱును ఒకే దెబ్బ తిన్నవారైనను, అందఱును తప్పించుకొన్నవారైనను ఆ సభలో ఒకే కన్నుతో చూచుట జరుగును.

అయిదవది: విపత్తు వేళ భయమువలన చేసిన ప్రతి బిగింపు తీర్మానమునకును వాయిదా పెట్టవలెను. రెండు పంటలు గడచిన పిమ్మట దానిని మరల సభముందు పెట్టి, ఉంచవలెనా తీసివేయవలెనా యని నిర్ణయింపవలెను. అట్లే విపత్తునిధికి ఏటేట చేర్చు మొత్తమును మంచి పంటల యేండ్లలో తగ్గింపరాదని నియమము పెట్టవలెను. భయము ఎక్కువకాలము నిలువరాదు, జాగ్రత్త తగ్గరాదు.

రైతు సోదరులారా! గడచిన గాలివానలో మీ పంచాయతీదారుడు కఠినముగా నడచుకొన్నచో అతని హృదయము రాయి యని తొందరపడి తీర్పుచెప్పకుడు. ధారాళముగా నిచ్చినచో అతడు ధర్మప్రభువని పొగడి ఊరకుండకుడు. ఆ కాఠిన్యమునకు గాని, ఆ ధారాళమునకు గాని పుస్తకములో లెక్క యెక్కడ నున్నదని మర్యాదగా అడుగుడు. అట్లడుగుట సభ్యుల హక్కు. చూపుట పంచాయతీదారుల విధి. తుపాను దినములు మరల సమీపింపకముందే, రాబోవు మహాజనసభ కార్యక్రమమున ఈ విషయమును చేర్పింపుడని కార్యదర్శులను కోరుచున్నాము. చిట్టాకు గీతలు గీయుటకు ఒక పూట చాలును. గడచిన ఇరువదియేండ్ల సంగతులను చెప్పగల వృద్ధులు ఇంకను మన గ్రామములలో నున్నారు. వారు చెప్పునది జ్ఞాపకమున్నంతవఱకు వ్రాయించి, సంఘపు పాత లెక్కలతో సరిచూచుకొనుడు. ఆ మొదటిపుటయే మీ విపత్తునిధికి పునాదిరాయి యగును.